అడిగితే ముక్కు కోస్తారా?

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా సాంఘిక సంక్షేమ హాస్టల్‌కు ఎవరో దాతలు ఒక అట్టపెట్టె నిండా పాత పుస్తకాలు ఇచ్చారు. అందులో సగం బొమ్మల కథలే. దసరా సెలవులకు ఇంటికి పోతూ రామాయణం బొమ్మల పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకున్నాను. మా అమ్మకు చదువు రాదు. పొయ్యి దగ్గర కూర్చుని పేజీలు తిప్పుతూ శూర్పణఖ బొమ్మ దగ్గర ఆగింది. నల్లటి ఒళ్లు, మందపు పెదవులు, విరబోసిన జుట్టు, ఛాతీ మీద ఒక గుడ్డపీలిక. "గీమె ఎవ్వలే, అచ్చం మీ పెద్దమ్మ లెక్కుంది" అంది. రాక్షసి అని చెప్పాను. పక్క పేజీలో ఆమె ముక్కు కోస్తున్నారు. "ఏం తప్పు జేసింది?" అని అడిగింది. "పెండ్లి జేసుకుంటవా అని అడిగింది" అన్నాను.

"అడిగితే ముక్కు గోస్తరా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బొమ్మల కథల్లో కులం, స్త్రీ దేహం అనే అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇన్నేళ్ల చదువు తర్వాత కూడా మా అమ్మ అడిగిన ఆ ప్రశ్నను దాటి పెద్దగా ముందుకు పోయింది లేదు.

రెండేళ్ల కింద ఒక సెమినార్‌లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి మునికన్య, ఒకటి రాక్షస స్త్రీ. ఇద్దరి ఒంటి మీదా బట్ట తక్కువే. ఒకరిని చూసి మోహపడాలి, ఇంకొకరిని చూసి అసహ్యపడాలి. ఆ తేడాను బట్ట చెప్పడం లేదు, రంగు చెబుతోంది, ముక్కు తీరు చెబుతోంది అన్నాను. ఎవరో నా మాటల్లో ఒక నిమిషం ముక్క కోసి సోషల్ మీడియాలో పెట్టారు. వారం తిరిగేసరికి నా మొహం అతికించిన ఒక బొమ్మ తిరగడం మొదలైంది. నల్లటి ఒళ్లు, పెద్ద పెదవులు, చిరిగిన బట్ట, కింద నా కులం పేరు. ఫిర్యాదు చేస్తే కమిటీలో ఒక పెద్దమనిషి అడిగిన మొదటి ప్రశ్న: "ఇలాంటి విషయాలు నీకెందుకమ్మా?"

నేను చెప్పిన దాంట్లో తప్పుందని ఒక్కరూ రాయలేదు. నేను ఏ బొమ్మనైతే విమర్శించానో ఆ బొమ్మలోకే నన్ను తోశారు. నా వాదనకు ఇంతకంటే రుజువు నేను వెతికినా దొరికేది కాదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే. బొమ్మలో ఆడదాన్ని ఒట్టి దేహంగా గీయడం, ఆ బొమ్మను ప్రశ్నించిన ఆడదాన్ని బూతులు తిట్టడం రెండు వేరు వేరు పనులు కావు. గీత ఎక్కడ ఆగిందో బూతు అక్కడ అందుకుంటుంది.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు అనుకోకండి. కామిక్స్ పరిశ్రమకు పెద్దిల్లు లాంటి అమెరికాను చూడండి. 1994లో వచ్చిన ఒక గ్రీన్ లాంటర్న్ కథలో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కుతారు. హీరోకు కోపం రావాలి, కథ నడవాలి, అందుకు ఒక ఆడపిల్ల శవం కావాలి. 1999లో గెయిల్ సిమోన్ అనే ఆవిడ ఇలా చంపిన, చెరిచిన, శక్తులు ఊడబెరికిన స్త్రీ పాత్రల జాబితా తయారుచేసి, దానికి ఆ ఫ్రిజ్ పేరే పెట్టింది. 2014 ఏప్రిల్‌లో జెనెల్ ఆసెలిన్ అనే మాజీ సంపాదకురాలు టీన్ టైటాన్స్ ముఖచిత్రం మీద రాసింది. ఆమె చెప్పింది చాలా మామూలు మాట: పదహారు పదిహేడేళ్ల పిల్ల ఛాతీ ఇలా ఉండదు, ఈ బొమ్మ ఆడపిల్లలను పుస్తకం దగ్గరికి రానివ్వదు అని. అదే సమయంలో ఆమె కామిక్స్ రంగంలో లైంగిక వేధింపుల మీద ఒక సర్వే నడుపుతోంది. వేధింపుల గురించి చెప్పుకోవడానికి పెట్టిన ఆ సర్వేలోనే ఆమెను చెరుస్తామని బెదిరింపులు రాశారు.

2016లో చెల్సీ కెయిన్ రాసిన మాకింగ్‌బర్డ్ చివరి సంచిక ముఖచిత్రం మీద హీరోయిన్ టీ షర్టు వేసుకుని నిలబడింది. ఆ టీ షర్టు మీద, నా స్త్రీవాద అజెండా గురించి అడగండి అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. ఒంటి నిండా బట్ట ఉన్న బొమ్మ అది. రచయిత్రి మీద దూషణలు ఎంత ముంచుకొచ్చాయంటే ఆమె ట్విట్టర్ వదిలి పోయింది. ఆ మరుసటేడు మార్వెల్ సంస్థలో పనిచేసే కొందరు ఆడవాళ్లు కలిసి మిల్క్‌షేక్ తాగుతూ సెల్ఫీ దిగారు. ఆ ఫొటో పెట్టిన హెదర్ ఆంటోస్ మీద కూడా వేట సాగింది. విమర్శ లేదు, వ్యాసం లేదు, మిల్క్‌షేక్ మాత్రమే. బొమ్మలో ఉండాల్సిన వాళ్లు బొమ్మలు తయారుచేసే గదిలో కనబడటమే తప్పైంది.

"మగవాళ్లను కూడా కండలు పెంచి గీస్తారు కదా, అదీ అతిశయోక్తే" అని ఒక వాదన ఉంది. అమెరికాలో కొందరు 2012లో దీనికి సరదాగా జవాబు చెప్పారు. ఆడ పాత్రలను నిలబెట్టే భంగిమల్లో హాకై అనే మగ హీరోను గీయడం మొదలుపెట్టారు. నడుము విరిచి, పిరుదులు ఇటు తిప్పి, ఛాతీ కూడా ఇటే తిప్పి, పెదవులు సున్నా చుట్టి. చూసినవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వే జవాబు. మగవాడి కండలు వాడు ఏం చేయగలడో చెబుతాయి. ఆడదాని భంగిమ ఆమెను ఏం చేయవచ్చో చెబుతుంది.

ఇంతవరకు అమెరికా స్త్రీవాదులు చెప్పారు, మనం ఒప్పుకుంటాం. అయితే వాళ్ల కొలబద్దను ఉన్నదున్నట్టు తెచ్చి మన బొమ్మల మీద పెడితే సగమే కొలుస్తుంది. ఇక్కడ ఏ ఆడదాన్ని ఎలా చూడాలో కులం ముందే నిర్ణయించి పెట్టింది.

1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ రెండు మూడు తరాల పిల్లలకు ఈ దేశపు పురాణం, చరిత్ర నేర్పిన బొమ్మల బడి. తెలుగులోనూ వచ్చింది. ఆ బడిలో రవివర్మ క్యాలెండర్ల నుంచి దిగివచ్చిన తెల్లటి, సన్న నడుము అప్సరసలు ఒక పక్క. నల్లగా, కోరలతో, బండగా ఉండే అసుర స్త్రీలు ఇంకో పక్క. సావిత్రి, పద్మిని లాంటి వాళ్లు గొప్పవాళ్లు కావడానికి మొగుడి కోసం యముడి వెంట నడవాలి, లేదా మంటల్లో దూకాలి. అసుర స్త్రీకి ఆ గొప్పతనం కూడా లేదు. హిడింబ భీముడిని ఇష్టపడితే ముందు తన రూపం మార్చుకుని అందగత్తె కావాలి. సొంత ఒంటితో వచ్చి కోరిక చెప్పుకున్న శూర్పణఖకు ముక్కు చెవులు పోతాయి. పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు ఎవరి మీదో గుర్తుపట్టడానికి మా అమ్మకు అక్షరాలు అవసరం పడలేదు.

అందుకే బట్ట తక్కువా ఎక్కువా అనే లెక్క దగ్గర మనం ఆగకూడదు. ఈ దేశంలో బట్ట ఎప్పుడూ అధికారం విషయమే. తిరువాంకూరులో నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు కొట్లాడారు. కప్పుకున్నందుకు బజారులో రవికెలు చింపారు. 1859లో రాజు దిగివచ్చి ఉత్తర్వు ఇస్తూ కూడా, సవర్ణ స్త్రీలు కప్పుకునే తీరులో మాత్రం కప్పుకోవద్దని మెలిక పెట్టాడు. ఆ చరిత్ర చెప్పే పాఠాన్ని 2019లో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకం నుంచి తీసేసింది. 1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభలోనే బాబాసాహెబ్ మన ఆడవాళ్లతో చీర కట్టు మార్చుకోమని, అంటరానితనానికి గుర్తుగా మోస్తున్న నగలు తీసేయమని చెప్పాడు. రాజ్యాంగం రాయడానికి ఇరవై ఏళ్ల ముందే ఆయన చీర కట్టు గురించి ఎందుకు మాట్లాడాడు? ఒంటి మీద కులం రాసి ఉంటే చూసేవాడి కంటికి ఆ ఒంటి మీద హక్కు వచ్చేస్తుందని ఆయనకు తెలుసు కాబట్టి.

మన తెలుగు బొమ్మల దగ్గరికి వద్దాం. అందంగా ఉన్న అమ్మాయిని బాపు బొమ్మ అంటాం. వాలు జడ, పెద్ద కళ్లు, ఓణీ, ముంగిట్లో ముగ్గు. కలుపు తీసే ఆడమనిషిని చూసి ఆ మాట అన్నవాళ్లను నేను వినలేదు. ఆమెకు మన పత్రికల్లో వేరే చోటు కేటాయించారు. పరిశోధన కోసం పాత వారపత్రికల కట్టలు, దీపావళి ప్రత్యేక సంచికలు తిరగేసినప్పుడు ఒకే కార్టూన్ మళ్లీ మళ్లీ ఎదురైంది. పనిమనిషి వంగి ఇల్లు ఊడుస్తుంటుంది. కొంగు జారి ఉంటుంది. అయ్యగారు పేపర్ పక్కకు జరిపి చూస్తుంటాడు. గుమ్మంలో అమ్మగారు అప్పడాల కర్రతో నిలబడి ఉంటుంది. కింద రెండు లైన్ల జోకు. ఆ జోకు మొగుడికీ పెళ్లానికీ మధ్య నడుస్తుంది. వంగి ఉన్న మనిషికి మాట ఉండదు. చాలాసార్లు మొహం కూడా ఉండదు.

ఇది నవ్వుకోవలసిన విషయమని ఎవరు తేల్చారు? ఊరి దేవత పేరు చెప్పి దళిత ఆడపిల్లను జోగినిగా విడిచి, ఊళ్లో మగవాళ్లందరికీ ఆమె మీద హక్కు ఇచ్చిన నేల ఇది. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టం వచ్చిన కాలంలోనే, పనికి వచ్చిన ఆడది దొరికే ఆడదే అనే నమ్మకం మీద వారవారం జోకులు అచ్చయ్యాయి. ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆ కార్టూన్‌లో అమ్మగారిని వంచి, పనిమనిషి మొగుడిని కుర్చీలో కూర్చోబెట్టి గీయండి. ఏ సంపాదకుడు వేసేవాడు? వేస్తే ఎన్ని గంటల్లో ఆఫీసు అద్దాలు పగిలేవి?

ఇలాంటి చూపును ప్రశ్నించిన తెలుగు ఆడవాళ్లకు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఎనభైల్లో జయప్రభ మగవాళ్ల చూపుల మీద, పైట మీద కవితలు రాసింది. కొండేపూడి నిర్మల లాంటి వాళ్లు ప్రసవం గురించి, దేహం గురించి రాశారు. పెద్ద పెద్ద సాహిత్యకారులు దానికి పెట్టిన పేరు నీలి కవిత్వం. అంటే బూతు కవిత్వం. ఆడదాని ఒళ్లు గురించి మగవాడు రాస్తే శృంగారం, ఆడది రాస్తే నీలి. 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనానికి నీలి మేఘాలు అని పేరు పెట్టి వాళ్లు ఆ తిట్టునే తలకెత్తుకున్నారు. ఆ ధైర్యానికి మనం రుణపడి ఉన్నాం. ఆ తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసి ఇంకో మాట కలిపింది. పని చేసే ఆడదాని కొంగు ఛాతీకి కాపలా కాయడానికే ఉన్నది కాదు, చెమట తుడుస్తుంది, బరువు మోస్తుంది, ఆమెకు తోడుగా ఉంటుంది అని. ఆ కవిత చదివాక నాకు ఆ పనిమనిషి కార్టూన్ పూర్తిగా అర్థమైంది. చెమట తుడుచుకునే గుడ్డను జారిపోయిన గుడ్డగా మార్చడమే ఆ గీత చేసిన పని.

ఇక ఎదురుదాడి సంగతి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. కవయిత్రి మీనా కందసామి దాన్ని సమర్థిస్తూ ట్వీట్లు పెట్టింది. ఆమెకు వచ్చిన జవాబుల్లో ఆహార హక్కు మీద చర్చ లేదు. సామూహిక అత్యాచారం చేసి టీవీలో చూపించాలన్నారు, యాసిడ్ పోస్తామన్నారు. 2017లో పద్మావతి సినిమా గొడవలో కర్ణిసేన నాయకుడొకడు దీపికా పడుకోన్‌కు ఏం హెచ్చరిక చేశాడో గుర్తుందా? లక్ష్మణుడు శూర్పణఖకు చేసిందే నీకు చేస్తాం అని. సినిమా తీసినవాడు మగవాడు. ముక్కు మాత్రం ఆడదాని ముక్కే గుర్తొచ్చింది. చిన్నప్పుడు బొమ్మల పుస్తకంలో చూసి నవ్విన పేజీ పెద్దయ్యాక బెదిరింపు అయింది. 2022 జనవరి ఒకటో తేదీన బుల్లీ బాయి పేరుతో ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టారు. వాళ్లలో జర్నలిస్టులున్నారు, నోరున్న ఆడవాళ్లున్నారు. నోటికి జవాబు దొరకనప్పుడు ఒంటికి ధర కట్టారు.

ఇవి ఎక్కడో ఒకటీ అరా జరిగినవి కావు. 2019 ఎన్నికల కాలంలో 95 మంది మహిళా నాయకుల మీద వచ్చిన ట్వీట్లను ఆమ్నెస్టీ ఇండియా పరిశీలించింది. ప్రతి ఏడింటిలో ఒకటి దూషణ లేదా దానికి దగ్గరగా ఉన్నదే. అణగారిన కులాల స్త్రీలకు కుల దూషణలు పై కులాల స్త్రీల కంటే 59 శాతం ఎక్కువ. ముస్లిం స్త్రీలకు మతం పేరున వచ్చిన దూషణలు మిగతా మతాల వాళ్ల కంటే 94 శాతం ఎక్కువ. ఆడదని తిట్టేవాడు అక్కడితో ఆగడు, ఏ కులపు ఆడదో కనుక్కుని మరీ తిడతాడు.

ఈపాటికి కొందరు భావ ప్రకటన స్వేచ్ఛ అంటారు. నిషేధించమని నేను ఎక్కడా అనలేదు. 2009లో కేంద్రం సవితా భాభీ సైట్‌ను మూయించింది. దాంతో ఈ దేశంలో ఆడదాన్ని చూసే చూపు మారిందా? నిషేధం కోరేవాళ్లలో చాలామందికి బొమ్మలోని ఆడదాని గౌరవంతో పని లేదు, కుటుంబ పరువుతో పని. పైట సర్దుకో అనేవాడూ పైట లాగేవాడూ ఒకే బడిలో చదివారు. గీసేవాడికి ఎంత స్వేచ్ఛ ఉందో ఆ గీత తప్పు అని చెప్పడానికి నాకూ అంతే ఉంది. నా నోరు మూయించడానికి వెయ్యి మంది కలిసి బూతులు రాయడం స్వేచ్ఛ కాదు, అది కచేరీ అరుగు మీద పంచాయితీ.

ఇంకొందరు హాస్యం తెలియదంటారు. ఈ మాట మనకు కొత్త కాదు. 1949లో శంకర్ గీసిన అంబేడ్కర్ కార్టూన్‌ను ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో పెట్టినప్పుడు, 2012లో దాని మీద అభ్యంతరం చెప్పిన దళితులకు కూడా ఇదే చెప్పారు. విజయవాడ బిడ్డ ఉన్నమతి శ్యామసుందర్ కూర్చుని ఆనాటి పత్రికల్లో బాబాసాహెబ్ మీద వచ్చిన కార్టూన్లు ఏరి 2019లో పుస్తకం వేశాక గానీ, నవ్వింది ఎవరు, నవ్వుకు గురైంది ఎవరు అన్నది చాలామందికి కనబడలేదు.

చివరగా మన ఇంటి సంగతి. ఇది రాయడానికి నాకు ఎక్కువ రోజులు పట్టింది. మన గ్రూపుల్లో తిరిగే మీమ్‌లు చూడండి. మనువాద పార్టీ నాయకురాలిని విమర్శించాలంటే ఆమె విధానం కనబడదు, ఆమె చీర, వయసు, ఆమెకు ఎవరితో సంబంధం అంటగట్టాలి అన్నదే కనబడుతుంది. ప్రత్యర్థి పెళ్లాన్ని, కూతుర్ని బొమ్మలోకి లాగుతారు. కింద జై భీమ్ అని రాస్తారు. నేను అడిగాను. "అక్కా, వాళ్లు మనల్ని అనలేదా?" అన్నారు. "ఇప్పుడు ఇది మాట్లాడితే ఉద్యమానికి నష్టం" అన్నారు. నా మొహం అతికించిన బొమ్మ తిరిగినప్పుడు నాకు అండగా పోస్టులు పెట్టిన తమ్ముళ్లే ఇలాంటివి పంచుకోవడం కూడా చూశాను.

తమ్ముళ్లారా, ఆ పెన్సిల్ మనది కాదు. అది మన అమ్మలను రాక్షసులుగా గీసిన పెన్సిల్. దాన్ని మన చేతిలోకి తీసుకుని పై కులపు ఆడదాన్ని గీసినంత మాత్రాన గీసే చూపు మారదు. హిందూ కోడ్ బిల్లు ఆగినందుకు మంత్రి పదవి వదులుకున్న మనిషి పేరు కింద రాసి పంచవలసిన బొమ్మలు కావు అవి. ఆ బిల్లు వల్ల ఎక్కువ మేలు జరిగేది ఆస్తి ఉన్న ఇళ్ల ఆడవాళ్లకే అని ఆయనకు తెలియదా? తెలిసే కొట్లాడాడు.

వేరే రకంగా గీయడం సాధ్యమే. 2011లో వచ్చిన భీమాయణం చూడండి. పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బాబాసాహెబ్ జీవితాన్ని గీశారు. మనుషులను గడుల్లో బిగించలేదు. మెత్తటి మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. ఆ పుస్తకంలో ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, మాట్లాడతారు. వాళ్ల ఒళ్లు ఎవరికోసమో ఇటు తిరిగి ఉండదు. దుర్గాబాయి బొమ్మలు గీయడం నేర్చుకున్నది గోడల మీద, ఇంటి నేల మీద. మన పిల్లలు కూడా గోడల మీద గీస్తున్నారు. వాళ్ల చేతికి కాగితం ఇవ్వండి. మన పత్రికలు, మన పోర్టళ్లు బహుజన ఆడపిల్లలతో బొమ్మలు గీయించి డబ్బులిచ్చి వేయండి. గ్రూపులు నడిపే తమ్ముళ్లు రేపటి నుంచి అలాంటి మీమ్ వచ్చిన వెంటనే తీసేయండి. బూతుకు గురైన ఆడమనిషి కనబడితే ఓదార్పు ఎమోజీ పెట్టి ఊరుకోకండి, ఆమె అడిగిన ప్రశ్నను మీరూ గట్టిగా అడగండి. ప్రశ్న అడిగే గొంతులు వంద అయితే కోయడానికి ఒక్క ముక్కు దొరకదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు థీసిస్‌లో వాడుతున్న బొమ్మలు అమ్మకు చూపించాను. నా మొహం అతికించిన బొమ్మ కూడా అందులో ఉంది. తీసేద్దామనుకున్నాను కానీ తీయలేదు. చాలాసేపు చూసింది. "గిదేంది, నువ్వేం అడిగినవే?" అంది.

ఈసారి కూడా ఆమెకు అనుమానం రాలేదు. ఏదో అడిగే ఉంటానని తెలుసు.